పేర్లు తర్వాత, చిక్కులు ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

సెల్‌ఫోన్ ఎలా పనిచేస్తుందో చెబుతూ నువ్వు రాసిన వ్యాసం అందిందమ్మా. రెండుసార్లు చదివాను. మొదటిసారి మామూలు పాఠకుడిలా కూర్చుని, మూడో పేరా దగ్గరే కాగితాలు పక్కన పెట్టేశాను. రెండోసారి నీ మీద అభిమానం కొద్దీ చివరిదాకా లాక్కొచ్చాను. నిన్నెరగని పాఠకుడికి ఆ అభిమానం ఉండదు కదా, అందుకే ఈ ఉత్తరం.

తప్పులు పెద్దగా లేవు. ఉన్న ఒక్కటీ ముందు తేల్చేద్దాం. మాట టవరెక్కి, అక్కణ్ణుంచి శాటిలైట్‌కి పోయి, మళ్ళీ కిందకి దిగుతుందని రాశావు. మామూలు సెల్‌ఫోన్ కాల్ గాల్లో నడిచేది చేతిలోని ఫోను నుంచి దగ్గర్లోని టవరు దాకానే. అక్కణ్ణుంచి నేల మీది ఫైబర్ కేబుల్లో పడుతుంది, లేదా డిష్ నుంచి డిష్‌కి మైక్రోవేవ్‌లో పోతుంది (అదీ గాల్లోనే గానీ, ఆకాశానికి ఎక్కదు), ఎక్స్ఛేంజీ చేరుతుంది. అవతలి మనిషి దగ్గరున్న టవరు దాకా అలాగే వెళ్ళి, చివరి అంగ మాత్రం మళ్ళీ గాల్లో వేస్తుంది. కేబులు పోలేని మారుమూల చోట్ల శాటిలైట్ వాడతారు గానీ అది వేరే కథ. ఇదే తప్పు నా తొలి వ్యాసంలో నేనూ రాశాను. అచ్చయిన వారానికి, శాటిలైట్‌ని కాస్త కిందకి దించమని ఒక పాఠకుడు కార్డు రాశాడు. ఆ కార్డు ఇప్పటికీ నా నిఘంటువులో ఉంది, పేజీ గుర్తుగా.

అసలు ఇబ్బంది నువ్వు ఎత్తుకున్న తీరులో ఉంది. బీటీఎస్, బీఎస్‌సీ, ఎంఎస్‌సీ, హెచ్‌ఎల్‌ఆర్, వీఎల్‌ఆర్ అని నెట్‌వర్క్‌లోని యంత్రాల పొట్టి పేర్లతో ఐదు పెట్టెలు గీసి, మధ్యలో బాణాలు వేసి, ఒక్కోదానికి ఒక్కో నిర్వచనం రాశావు. పరీక్షలో అయితే పదికి పది వేసేవాణ్ణి. చదివేవాడు పరీక్షకి రాలేదమ్మా. ఆ ఐదు పెట్టెల్లో ఏదీ ముచ్చటపడి పెట్టింది కాదు. ఎక్కడో పని చిక్కుపడింది, విప్పడానికి పెట్టెను పెట్టారు. ఆ చిక్కు ముందు చెప్పు. పెట్టె పేరు తర్వాత చెప్పొచ్చు, చెప్పకపోయినా కొంప మునగదు.

మొదటి చిక్కు చూడు. 1946 జూన్‌లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో కార్లలో ఫోన్లు పెట్టారు. సరంజామా బరువే 36 కిలోలు. ఊరంతటికీ కలిపి ఒకేసారి ముగ్గురే మాట్లాడగలిగేవారు, నాలుగోవాడు కాచుకు కూర్చోవాల్సిందే. ఎందుకంటే ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఇద్దరు మాట్లాడితే ఇద్దరి మాటా పాడవుతుంది, దొరికిన ఫ్రీక్వెన్సీలేమో పిడికెడు. 1947 డిసెంబరులో అక్కడి టెలిఫోన్ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ రింగ్ ఒక అంతర్గత పత్రంలో రాసిన ఉపాయం వింటే ఇంతేనా అనిపిస్తుంది: గొంతు తగ్గించడం. ఊరి మధ్య అరిచే ఒక్క పెద్ద ట్రాన్స్‌మిటర్‌కి బదులు, తక్కువ పవరుతో గుసగుసలాడే చిన్నవి చాలా పెట్టాలి. ఒక్కో చిన్నదాని గొంతు అందే మేరే సెల్లు. ఒకచోటి గుసగుస కొన్ని సెల్లుల అవతలికి వినపడదు, కాబట్టి అక్కడ అదే ఫ్రీక్వెన్సీని మళ్ళీ వాడుకోవచ్చు.

ఇక్కడ ఒక్క గుణకారం చెయ్యి. తొలి జీఎస్‌ఎంకి (అదే మనం 2జీ అనే పద్ధతి) 900 మెగాహెర్ట్జ్ దగ్గర దొరికిన జాగా పోవడానికి 25 మెగాహెర్ట్జ్, రావడానికి 25. దాన్ని 200 కిలోహెర్ట్జ్ చొప్పున కోస్తే 124 క్యారియర్లు, అంటే మాట మోసే సన్నని ఫ్రీక్వెన్సీ దారులు, వస్తాయి, ఒక్కో క్యారియర్‌ని ఎనిమిది మంది పంచుకుంటారు. మొత్తం 992. అంటే ఒకే టవరు పెట్టి నడిపితే, ఎంత మహానగరమైనా సరే, వెయ్యిమంది కూడా ఒకేసారి మాట్లాడుకోలేరు. ఈ లెక్క చూసిన పాఠకుడికి సెల్లు ఎందుకు పుట్టిందో వేరే చెప్పక్కర్లేదు. నువ్వు రాసిన రెండు పేజీల చరిత్ర నిర్మొహమాటంగా కొట్టేయొచ్చు.

సెల్లులకి నువ్వు గీసిన తేనెపట్టు బొమ్మ ఉంచు, బాగుంది. కింద ఒక్క మాట చేర్చు: నిజంలో ఏ సెల్లూ ఆరు పలకలుగా ఉండదు. గుట్ట అడ్డొస్తే ముడుచుకుంటుంది, నీళ్ళ మీద సాగుతుంది. పైగా చాలాచోట్ల టవరు సెల్లు నడిమధ్యన ఉండదు. మూడు సెల్లులు కలిసే మూల మీద నిలబడి, మూడు వైపులకీ మూడు యాంటెన్నాలు తిప్పుకుని ఉంటుంది.

రెండో చిక్కంటే నాకు మహా ఇష్టం. ల్యాండ్‌లైన్‌కి ఇల్లుంది, నంబరు తిప్పితే తీగ ఆ ఇంటికే పోతుంది. జేబులో తిరిగే ఫోనుని ఎక్కడని వెతకాలి? లోకంలోని టవర్లన్నిటి చేతా కేకేయించలేం. అలాగని టవరు దాటినప్పుడల్లా ఫోను తన జాడ చెప్పుకుంటూ పోతే సాయంత్రానికి చార్జింగ్ దిగిపోతుంది, నెట్‌వర్కంతా ఆ కబుర్లతోనే నిండిపోతుంది. అందుకని మధ్యేమార్గం పట్టారు. కొన్ని టవర్లను కలిపి ఒక పేటలా చేశారు, దాని పేరు లొకేషన్ ఏరియా. పేట మారితేనే ఫోను కబురు పంపుతుంది, పేట లోపల ఎంత తిరిగినా నోరెత్తదు. మరీ ఎక్కువసేపు కదలకుండా ఉంటే మాత్రం, ఉన్నానని గడువు ప్రకారం ఒకసారి పలుకుతుంది. సొంత కంపెనీ దగ్గర ఒక పెద్ద ఖాతా పుస్తకం ఉంటుంది, అదే నీ హెచ్‌ఎల్‌ఆర్. ఫలానా చందాదారు ఇప్పుడు ఫలానా ఎక్స్ఛేంజీ పరిధిలో ఉన్నాడన్నంత వరకే దానికి తెలుసు. ఆ ఎక్స్ఛేంజీ దగ్గర వచ్చిపోయే వాళ్ళ పుస్తకం వీఎల్‌ఆర్, పేట పేరు అందులో ఉంటుంది. కాల్ రాగానే పేటలోని టవర్లన్నీ ఒక్కసారి పిలుస్తాయి. ఫోను పలుకుతుంది. అదే క్షణంలో ఇంకో ఫోను కూడా పలికితే ఒకరి మీద ఒకరు పడి రెండూ వినపడవు. అప్పుడు రెండూ తగ్గి, ఎవరికి తోచినంతసేపు వాళ్ళు ఆగి మళ్ళీ పలుకుతాయి. గుమ్మంలో ఎదురుపడ్డ ఇద్దరు మర్యాదస్తుల్లాగా. ఆపైన సిమ్ అసలుదేనా అన్న పరీక్ష, ఒక చానెల్ కేటాయింపు, అప్పుడు మోగుతుంది. నువ్వు "డయల్ చేయగానే రింగవుతుంది" అని మూడు మాటల్లో దాటేసింది ఇదంతా.

నీ వ్యాసానికి ఎత్తుగడ కావాలంటే ఇక్కడే ఉంది. ఫోను మనం స్విచాఫ్ చేస్తే మామూలుగా అది వెంటనే ఆరిపోదు. వెళ్ళొస్తానని నెట్‌వర్క్‌కి ఒక చిన్న కబురు పంపి మరీ ఆరిపోతుంది. అందుకే ఆ తర్వాత ఎవరు చేసినా నెట్‌వర్క్ వెతకదు, స్విచాఫ్ అని చెప్పేస్తుంది. అదే ఫోను నడుస్తుండగా బ్యాటరీ లాగేసినా, సొరంగంలోకి పోయినా ఆ కబురు అందదు. పాపం నెట్‌వర్క్ ఇంకా అక్కడే ఉందనుకుని పేటంతా పిలుస్తుంది, పలికేవాళ్ళు లేక అందుబాటులో లేరంటుంది. ఆ రెండు ప్రకటనలకీ తేడా ఏమిటని చిరాకుపడని మనిషి లేడు. ఎందుకో తెలిసిన మనిషి తక్కువ. పాఠకుడు తన చెవులతో విన్నదాని నుంచి మొదలుపెడితే నువ్వు వాణ్ణి ఎంత లోపలికైనా తీసుకెళ్ళొచ్చు.

చెవులంటే గుర్తొచ్చింది. పాత ఫోన్లు రేడియో పక్కన పెడితే, రింగు రావడానికి రెండు క్షణాల ముందు స్పీకర్లో టకటకమంటూ బర్రుమనేది, గుర్తుందా? నీ వయసుకి ఉండకపోవచ్చులే, ఇంట్లో పెద్దవాళ్ళని అడుగు. జీఎస్‌ఎంలో ఒక క్యారియర్‌ని ఎనిమిది మంది వంతులవారీగా వాడుకుంటారని చెప్పానుగా. ఒక్కో వంతు 0.577 మిల్లీసెకన్లు. తన వంతు రాగానే ఫోను ట్రాన్స్‌మిటర్ వెలిగిస్తుంది, అయిపోగానే ఆర్పేస్తుంది, సెకనుకి దాదాపు 217 సార్లు. ఆ వెలిగి ఆరడమే స్పీకరు తీగల్లో దూరి మనకి వినపడేది. ఒక్కోసారి బర్రుమని ఊరుకునేది, కాల్ వచ్చేది కాదు. ఫోను తన జాడ చెప్పుకుంటోందన్నమాట.

ఆ వంతులు తప్పకుండా అందడం మాటలు కాదు. రేడియో తరంగం సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు పోయినా, 30 కిలోమీటర్ల దూరం నుంచి రావడానికి 0.1 మిల్లీసెకను పడుతుంది. అంత ఆలస్యం చాలు, దూరంగా ఉన్న ఫోను మాట పక్కవాడి వంతులోకి జొరబడడానికి. అందుకని టవరు ప్రతి ఫోనుకీ నువ్వు ఇంత ముందుగా బయల్దేరు అని చెబుతూ ఉంటుంది. దూరాన్ని సుమారు 550 మీటర్ల మెట్లుగా కొలుస్తుంది, అలాంటివి 63 దాకా ఉంటాయి. మామూలు జీఎస్‌ఎం సెల్లు 35 కిలోమీటర్లు దాటకపోవడానికి కారణం అదే. అంతకన్నా దూరాన సిగ్నల్ బలంగా అందుతున్నా ఒప్పుకోదు, ముందు బయల్దేరమని చెప్పడానికి దాని దగ్గర అంకెలు అయిపోయాయి!

ఇప్పుడు నువ్వు "మాటను డిజిటల్‌గా మారుస్తారు" అని ఒక్క వాక్యంతో సరిపెట్టిన చోటికి రా. నా దృష్టిలో వ్యాసమంతటికీ గుండెకాయ అదే. మనం మాట్లాడేదాన్ని ఫోను సెకనులో 50వ వంతు ముక్కలుగా కోస్తుంది. పాత జీఎస్‌ఎం పద్ధతిలో ఒక్కో ముక్కని 260 బిట్లలోకి, అంటే అన్ని సున్నాలూ ఒకట్లలోకి, కుదిస్తుంది. అదే ముక్కకి ల్యాండ్‌లైన్ ఎక్స్ఛేంజీ 1280 బిట్లు ఖర్చుపెట్టేది. కుదించాక ఆ 260నీ సమానంగా చూడదు. 50 బిట్లు ప్రాణం లాంటివి, వాటికి గట్టి కాపలా (దార్లో చెడితే సరిచేసుకోవడానికి చేర్చే అదనపు బిట్లు), పైగా చెడ్డాయేమోనని తనిఖీ. ఇంకో 132కి కాపలా ఉంటుంది గానీ తనిఖీ లేదు. మిగిలిన 78ని దైవాధీనంగా వదిలేస్తుంది, చెడితే చిన్న గరగర వస్తుంది, అంతే. కాపలాతో కలిపి 456 అయిన ఆ బిట్లని ఎనిమిది భాగాలు చేసి, ఎనిమిది వేర్వేరు వంతుల్లో పంచి పంపుతుంది. దార్లో ఒక వంతు మొత్తం పాడైనా ఏ ముక్కా పూర్తిగా పోదు, ప్రతి దాంట్లోంచీ కొంచెం పోతుంది, దాన్ని మిగతావాటితో పూడ్చుకోవచ్చు. ఆ 50 బిట్లే చెడితే ముక్క మొత్తం పారేసి, ముందు వచ్చిన ముక్కనే ఇంకోసారి వినిపిస్తుంది. సిగ్నల్ సరిగా లేనప్పుడు అవతలి గొంతు సాగదీసినట్టు వినిపిస్తుందే, అది ఈ అతుకే.

మౌనానికి కూడా ఒక ఏర్పాటుంది. నువ్వు వింటున్నంతసేపూ నీ ఫోను చాలావరకు ప్రసారం ఆపేసి చార్జింగ్ మిగుల్చుకుంటుంది. అలా ఆపేస్తే అవతలివాళ్ళకి చెవిలో పూర్తి నిశ్శబ్దం పడి, కాల్ కట్టయిందేమోనని హలో హలో అని అరుస్తారు. అందుకని నీ చుట్టూ ఉన్న సద్దు ఎలాంటిదో మాత్రం అప్పుడప్పుడూ చెప్పి పంపుతుంది. అవతలి ఫోను ఆ పోలికతో ఒక దొంగ సద్దు తయారుచేసి వినిపిస్తూ ఉంటుంది. దీని గురించి నీ వ్యాసంలో ఒక్క అక్షరం లేదు, నాకు నిజంగా కోపమొచ్చింది.

హ్యాండోవర్ గురించి, అంటే మాట మధ్యలో ఒక సెల్లు నుంచి ఇంకో సెల్లుకి మారడం గురించి, రాసింది బాగానే ఉంది, ఎక్కువ చెప్పను. నిర్ణయం ఎవరిదన్నది మాత్రం సరిచెయ్యి. జీఎస్‌ఎంలో మాట మధ్యలో ఫోను తనంతట తాను టవరు మారదు. చుట్టూ బాగా వినపడుతున్న ఆరు సెల్లుల బలం కొలిచి దాదాపు అరసెకనుకోసారి చిట్టా పంపుతుంది, తీర్పు నెట్‌వర్క్‌ది. సరిహద్దు మీద నిలబడ్డ ఫోను అటూ ఇటూ ఊగకుండా, కొత్త సెల్లు కాస్తోకూస్తో కాక చెప్పుకోదగ్గంత మెరుగైతేనే మారుస్తుంది. సిమ్ పరీక్ష దగ్గర ఒక లోపం కూడా దాచకుండా రాయి: జీఎస్‌ఎంలో నెట్‌వర్క్ ఫోనుని పరీక్షిస్తుంది గానీ, ఫోను నెట్‌వర్క్‌ని పరీక్షించదు. దొంగ టవరు పెట్టి ఫోన్లని బుట్టలో వేసుకోవడానికి అదే సందు. 3జీ నుంచి పరీక్ష రెండు వైపులా పెట్టారు.

3జీ, 4జీ, 5జీ అంటూ చివర వేసిన పట్టిక తీసెయ్యి. అంతా కలిపి ఒక పేరా చాలు. 3జీలో వంతులు పోయి, అందరూ ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఎవరి కోడుతో వాళ్ళు ఒకేసారి మాట్లాడారు. దగ్గరివాడి అరుపు దూరపువాణ్ణి మింగకుండా సెకనుకి 1500 సార్లు పవరు సర్దాల్సి వచ్చింది. 4జీలో మాటకి వేరే దారే లేదు, అదీ ఇంటర్నెట్ ప్యాకెట్లలో ఒకటైపోయింది. కొన్ని టవర్లని కలిపి నడిపించే నీ బీఎస్‌సీ పెట్టె మాయమై, దాని పని టవరే చేసుకుంటోంది. ఖాతా పుస్తకం మాత్రం పేర్లు మార్చుకుంటూ ఇప్పటికీ ఉంది, ఎందుకంటే ఫోను ఎక్కడుందన్న చిక్కు ఎక్కడికీ పోలేదు.

రెండో ప్రతి పోస్టులోనే పంపు. పోయినసారిలా ఎస్సెమ్మెస్‌లో ముక్కలు ముక్కలుగా వద్దు. ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 140 బైట్లు. ఇంగ్లీషు అక్షరాలైతే 160 పడతాయి, తెలుగైతే 70. అందులోనూ గుణింతానికీ వత్తుకీ వేరే లెక్క, "స్త్రీ" అన్న ఒక్క అక్షరమే ఆరింటిని తినేస్తుంది. పొడుగు సందేశమైతే ముక్కలు కలుపుకోవడానికి గుర్తులు పోను, ముక్కకి మిగిలేది 67. నీ వ్యాసం ఆ లెక్కన పన్నెండు వేలకి తక్కువుండదు. భాగించి చూశాను, 180 ముక్కలవుతోంది.

ఆశీస్సులతో.