చార్జీలు ఏళ్లకేళ్లు కదలవు, ఒక్కసారే ఎగురుతాయి. ఎందుకని?

ప్రశ్న: బస్సు, మెట్రో చార్జీలు ఏటా కొంచెం కొంచెంగా పెంచవచ్చు కదా? అసలు లెక్క ఎలా కడతారు?

జవాబు: పెంచవచ్చు. ఏటా సూత్రం ప్రకారం సవరించే పద్ధతి ఉంది. హాంకాంగ్ మెట్రో 2007 నుంచి ధరల సూచీలో సగం, రవాణా రంగ వేతన సూచీలో సగం కలిపి, ఉత్పాదకత వాటా (పని సమర్థంగా చేయడం వల్ల మిగిలే ఖర్చు) తీసేసి చార్జీ తేల్చే పద్ధతికి మారింది.

ఉదాహరణకు ఖర్చులో జీతాలు 50 శాతం, ఇంధనం 20, మిగతావి 30 అనుకోండి. ఇవి వరుసగా 6, 10, 4 శాతం పెరిగితే భారం 3 + 2 + 1.2, అంటే 6.2 శాతం. ఉత్పాదకత కింద 1 తీస్తే పెంపు 5.2 శాతం.

చిక్కంతా చిల్లర దగ్గరే. కనీస చార్జీ 10 రూపాయలుంటే 10.52 వసూలు చేయలేరు. 11 చేస్తే దగ్గరి ప్రయాణికుడి మీద పడేది 10 శాతం! అందుకే టికెట్ మీద మాత్రమే చిల్లర లేకుండా సర్దుబాటు చేసి, మరుసటి ఏడు లెక్కను 10.52 నుంచే మొదలుపెట్టాలి.

ఎన్నికల భయంతో వాయిదా వేస్తే బకాయి పేరుకుంటుంది, ఆ లోటు సబ్సిడీతో పూడ్చాలి. తీరా ఒక్కసారే పెంచితే ప్రయాణికులు జారిపోతారు. పాత అంచనా ప్రకారం 10 శాతం పెంపుకు 3 శాతం మంది తగ్గుతారు. అంటే రాబడి పెరిగేది 6.7 శాతమే. సొంత బండి కొనుక్కున్నవాళ్లు మళ్లీ బస్సెక్కడం కష్టం కనుక, కాలం గడిచేకొద్దీ ఆ తగ్గుదల ఇంకా ఎక్కువే ఉంటుంది.