ఆలస్యం గురించి రాయి, అమ్మాయీ

చి. అమ్మాయికి,

ఆశీస్సులు. మన నౌకాదళం ఎదుగుదల మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. మొదట్లో కోపం వచ్చింది. ఆరో పేరా దగ్గరికి వచ్చేసరికి ఆ కోపం నిలవలేదు. రెండూ చెప్తాను.

ముందు కోపం. "శత్రువు గుండెల్లో రైళ్లు పరిగెత్తించే" అన్న మాట మొదటి పేజీలోనే ప్రతి నౌకకీ తగిలించావు. విశాఖపట్నం, మర్ముగావ్, ఇంఫాల్, సూరత్... నాలుగు డిస్ట్రాయర్లకీ (పెద్ద యుద్ధనౌకలు) పొడవు, బరువు, క్షిపణుల లెక్క, నీళ్లలోకి దిగిన తేదీ, నౌకాదళంలో చేరిన తేదీ పట్టిక వేసి ఇచ్చావు. తేదీలు సరిగ్గానే ఉన్నాయి. కానీ చదువుతుంటే ఆ నౌకలు ఎవరూ కట్టకుండానే, ఏ అడ్డంకీ లేకుండానే రేవులో ప్రత్యక్షమైనట్టుంది.

ఇక ఆరో పేరా. మీ నాన్నగారు హిందుస్థాన్ షిప్‌యార్డులో వెల్డరనీ, ఎక్స్‌రేలో అతుకు లోపం బయటపడితే అదంతా గ్రైండ్ చేసి మళ్లీ వెయ్యాల్సి వచ్చేదనీ, ఆ సాయంత్రాలు ఆయన ఇంట్లో ఎవరితోనూ మాట్లాడేవారు కాదనీ రాశావు. అంతే, ఏడో పేరాలో మళ్లీ బ్రహ్మోస్ వేగం మొదలైంది. ఆ కాస్త లేకపోతే నేను నీకు జవాబు రాసేవాణ్ని కాదు.

యుద్ధనౌకల గురించి రాసేవాళ్లు ముందు ఆలస్యం గురించి రాయాలి. ఏళ్లుగా అందరితోనూ ఇదే అంటున్నాను, నీతోనూ అంటాను. నౌక ఎందుకు ఆగింది, ఎక్కడ ఆగింది, ఆ ముడి ఎవరు విప్పారు అన్నదాంట్లోనే దేశం ఎదిగిందో లేదో తెలుస్తుంది. నీ తేదీలే తీసుకో. ఈ నాలుగింటికీ ముందు తరం డిస్ట్రాయర్ కోల్‌కతాని కూడా పక్కన పెట్టుకో. అది 2006 మార్చిలో నీళ్లలోకి దిగింది, నౌకాదళంలో చేరింది 2014 ఆగస్టులో. స్లాబు పడ్డ ఇంటికీ కాపురం పెట్టిన ఇంటికీ ఉన్నంత తేడా అది. ఉక్కు సమయానికి రాలేదు, మధ్యలో ఆయుధాలు మారాయి, ఇజ్రాయెల్‌తో కలిసి తయారుచేస్తున్న బరాక్ క్షిపణి సిద్ధం కాలేదు. తర్వాత విశాఖపట్నం 2015 ఏప్రిల్‌లో దిగి 2021 నవంబరులో చేరింది. ఇంఫాల్‌కి 2019 నుంచి 2023 దాకా పట్టింది. సూరత్ 2022 మేలో దిగి 2025 జనవరికల్లా చేరిపోయింది. ఎనిమిదేళ్ల పైచిలుకు పని మూడేళ్లలోపుకు వచ్చింది! ఇవి కట్టిన ముంబయి యార్డు మజగాన్ డాక్‌లో, బరువైన బ్లాకుల్ని ఎత్తే పెద్ద గోలియత్ క్రేన్ వచ్చింది, నౌకని బ్లాకులుగా కట్టి, పైపులూ కేబుళ్లూ ముందే బిగించి అతికించడం నేర్చుకున్నారు. ఈ మార్పు జాడ నీ పట్టికలోనే ఉంది. నువ్వు ఒక తేదీ పక్కన ఇంకో తేదీ పెట్టి చూడలేదు.

విమానవాహక నౌక విక్రాంత్ గురించి "పూర్తి స్వదేశీ" అని రాశావు. కొట్టెయ్. స్వదేశీ వాటా 76 శాతం అని ప్రభుత్వమే చెప్పింది. దాన్ని నడిపే ఇంజన్లు, అంటే నాలుగు గ్యాస్ టర్బైన్లు, అమెరికా డిజైన్‌వి. డెక్ మీద మిగ్-29కె యుద్ధవిమానం రష్యాది. అలా రాస్తే విక్రాంత్ చిన్నదైపోదు. అసలు గొప్పంతా ఉక్కులో ఉంది. రష్యా నుంచి రావాల్సిన ఉక్కు రాక పని ఆగిపోతే, హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనాశాల డీఎంఆర్ఎల్ శాస్త్రవేత్తలు, ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ వాళ్లు కలిసి డీఎంఆర్-249 అనే ఉక్కు తయారుచేశారు. ఒక్క విక్రాంత్‌కే సెయిల్ 30,000 టన్నుల దాకా ఇచ్చింది. ఇప్పుడు మన ఫ్రిగేట్లూ డిస్ట్రాయర్లూ ఆ ఉక్కుతోనే కడుతున్నారు. ఆ రోజు ఉక్కు సమయానికి వచ్చుంటే ఇవాళ కూడా బయటి దేశం వైపే చూస్తూ ఉండేవాళ్లం.

ఇంజన్ల విషయంలో మాత్రం మనమే తయారుచేసుకునే రోజు ఇంకా రాలేదు. 2024 డిసెంబరులో చేరిన ఫ్రిగేట్ (డిస్ట్రాయర్ కన్నా చిన్న యుద్ధనౌక) తుశీల్ సంగతి చూడు. నౌక కట్టింది రష్యా, టర్బైన్లు ఉక్రెయిన్‌వి. వాళ్లిద్దరికీ చెడి ఉక్రెయిన్ అమ్మనంటే, మనమే కొని కాలినిన్‌గ్రాడ్ యార్డుకి పంపాం. రెండు దేశాలు కొట్టుకుంటుంటే మన నౌక మధ్యలో నిలబడింది. ఇంతటి కథని నువ్వు "అత్యాధునిక ఇంజన్లు" అన్న రెండు మాటల్లో తేల్చేశావు. 2014లో చేరిన కమోర్తా కూడా అంతే. జలాంతర్గాముల్ని వేటాడ్డానికే కట్టిన నౌక, నీళ్లకింద శబ్దాన్ని బట్టి వాటిని కనిపెట్టే, వెనక లాక్కెళ్లే సోనార్ లేకుండానే చేరింది. అది రాస్తే దేశభక్తి తగ్గిపోతుందని ఎవరన్నారు?

ఎవరన్నారో నాకు తెలుసు. 1997లో ఐఎన్ఎస్ ఢిల్లీ చేరినప్పుడు నేనొక వ్యాసం రాశాను. 1987లో మొదలైన నౌక, మధ్యలో సోవియట్ యూనియనే లేకుండా పోయింది, రావాల్సిన సామాను ఎక్కడిదక్కడ ఆగింది. ఆ కథే రాశాను. ఒక వారపత్రిక ఎడిటరు ఆ పేరాలన్నీ కొట్టేసి, "పండగ పూట ఈ ఏడుపేంటండీ" అన్నారు. అచ్చులో టన్నులూ తుపాకులూ మిగిలాయి. ఆ కోపం నాకింకా పోలేదు. ఇప్పటి వీడియోల వాళ్లు కూడా అదే పని చేస్తున్నారు, "ఏ నౌక ఏ నౌకని ముంచుతుంది" అని పందెం కాస్తూ. నౌకని ముంచేది చాలాసార్లు దొరకని స్పేర్ పార్టు అని ఎవరూ చెప్పరు.

నాకు ఇవేవీ పుస్తకాల్లో దొరకలేదు. షిప్‌యార్డు గేటు ఎదురుగా టీకొట్టు దగ్గర షిఫ్టు దిగేవాళ్ల కోసం నిలబడేవాణ్ని. చాలామంది మొహం తిప్పుకుని వెళ్లిపోయేవారు. రిటైరైన ఒక ఫిట్టరు మాత్రం సిగరెట్ పెట్టె అట్ట మీద గీసి గేర్‌బాక్స్ చెప్పాడు. టర్బైను నిమిషానికి వేలసార్లు తిరుగుతుంది, ప్రొపెల్లరు వందల్లోనే తిరగాలి, మధ్యలో ఆ పళ్లచక్రాలు వెంట్రుకవాసి తేడా వచ్చినా మోత పుడుతుంది, ఆ మోత నీళ్లకింద శత్రువుకి వినిపిస్తుంది. నౌక ఎంత మౌనంగా వెళ్తుందన్నది ఎవరో పళ్లు అరగదీసిన తీరు మీద ఉంటుందని ఆయన దగ్గరే తెలుసుకున్నాను. అప్పటికి నా చేతిలో జీతం వచ్చే ఉద్యోగం లేదు, ఇంట్లో మాటలు పడుతున్నాను. అయినా ఆ అట్ట జేబులో పెట్టుకుని నడిచి వచ్చాను.

నీ వ్యాసంలో నిస్తార్ లేదు. 2025 జులైలో విశాఖలోనే చేరింది, మీ నాన్నగారి యార్డులోనే కట్టారు. క్షిపణులు లేవని వదిలేశావా? ప్రమాదంలో పడ్డ జలాంతర్గామి మనుషుల్ని బతికించడానికి వెళ్లే నౌక అది. ఇదే యార్డులో సింధుకీర్తి జలాంతర్గామి మరమ్మతుకు 2006లో వచ్చి 2015 దాకా ఉండిపోయింది. ఆ ఏళ్లలో ఇక ఆ యార్డు కథ ముగిసినట్టే అన్నారు. 2023లో అదే యార్డుకి అయిదు ఫ్లీట్ సపోర్ట్ నౌకలు, సుమారు 19,000 కోట్ల ఆర్డరు వచ్చింది. ఇవి ఇంధనం, తిండి, మందుగుండు మోసుకెళ్లే నౌకలు. ఇవి వెంట లేకపోతే నువ్వు పొగిడిన డిస్ట్రాయర్లు ఎక్కువ దూరం నిలబడలేవు. ఆ మధ్యకాలం మీ ఇంట్లో ఎలా గడిచిందో నీకు తెలుసు, నాకు తెలియదు. అది నువ్వే రాయాలి.

మూడో విమానవాహక నౌక కావాలా వద్దా అన్నది ఇప్పుడు వదిలెయ్. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదికలు, పార్లమెంటు స్థాయీ సంఘం నివేదికలు దొరికినన్ని చదువు. నాన్నగారితో కూర్చో. నౌక లోపలి రహస్యాలు అడగొద్దు, ఆయన చెప్పరు, చెప్పకూడదు కూడా. వంకర పోకుండా దళసరి ప్లేటు అతకాలంటే ఏ వరసలో వేస్తారో, వానాకాలంలో ఎలక్ట్రోడ్లు (వెల్డింగ్ పుల్లలు) ఎలా పొడిగా ఉంచుతారో అడుగు. మొదటి అయిదు పేరాలు తీసెయ్, ఆరో పేరాతో మొదలుపెట్టి దసరాలోపు నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు