తాండ్ర పాపారాయుడు మా వంశమేనా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం ఇంటిపేర్లు, వంశాలు, వీరుల గురించే. మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకి నెట్టేసి ఈ నాలుగూ తీసుకున్నాం.

ప్రశ్న: మాది రాజాం దగ్గర పల్లెటూరండి. మా నానమ్మ బతికున్నన్నాళ్ళూ మనది తాండ్ర పాపారాయుడి వంశంరా అని చెప్తుండేది. మా ఇంటిపేరు మాత్రం తాండ్ర కాదు. పెద్దనాన్న నిజమే అంటారు, చిన్నాన్న నవ్వేస్తారు. కాయితాల మీద తేల్చుకునే దారి ఏదైనా ఉందా?

జవాబు: ఉందండి, కానీ అందరూ మొదలెట్టే వైపు నుంచి కాదు. అందరూ పాపారాయుడి దగ్గర మొదలుపెట్టి కిందకి దిగుదామని చూస్తారు, రెండు మెట్లు దిగేసరికి దారి పోతుంది. మీరు మీ నాన్నగారి దగ్గర మొదలెట్టి పైకి ఎక్కండి. ఒక్కో తరానికి ఒక్కో కాయితం దొరికాకే పై తరం జోలికి వెళ్ళండి.

ముందు ఒక్క మాట. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడిపోవడం, ఒకవైపు ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు బలగం, ఇటువైపు బొబ్బిలి రాజు రంగారావు, రాజాంలో ఉన్న పాపారాయుడు వచ్చేసరికి అంతా అయిపోయి ఉండటం, తర్వాత రాత్రిపూట డేరాలోకి దూరి విజయరామరాజుని పొడిచేయడం, ఇదంతా మీ వైపు చిన్నపిల్లాడిని అడిగినా చెప్తాడు. శత్రువుల చేతికి చిక్కకూడదని కోటలో ఆడవాళ్ళనీ పిల్లల్నీ వాళ్ళవాళ్ళే చంపేశారన్నది కూడా ఈ కథలోనే ఉంది కదా. అందులోంచి బతికి బయటపడ్డాడని గట్టిగా తెలిసింది రంగారావు కొడుకు, చిన్నపిల్లాడు. ఆ పిల్లాడి సంగతి రాబర్ట్ ఓర్మ్ ఆ రోజుల గురించి రాసిన ఇంగ్లీషు చరిత్రలో కూడా ఉంది, తర్వాత జమీందారీ మళ్ళీ నిలబడింది ఆయనతోనే. కాబట్టి కోటలో ఉన్న ఫలానా వాళ్ళ నుంచి వచ్చాం అనే ఏ ఇల్లైనా ముందు ఒక ప్రశ్నకి జవాబు చెప్పాలి, ఆ రోజు మీ వాళ్ళు ఎలా బతికారు? కోటలో లేరు, రాజాంలోనో వేరే ఊళ్ళోనో ఉన్నారు అంటే అది వేరే సంగతి, అప్పుడు ఆ ఊరు పట్టుకోవాలి.

ఇక కాయితాలు. మీ తాతగారి వరకూ స్కూలు సర్టిఫికెట్టు, ఓటర్ల జాబితా సరిపోతాయి. ఆ పైన రిజిస్ట్రార్ ఆఫీసే దిక్కు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల చిట్టా) ఆన్‌లైన్లో తీస్తే 1983 నుంచే వస్తుంది, అంతకు ముందువి కావాలంటే అర్జీ పెట్టుకుని పేర్ల ఇండెక్స్ వెతికించుకోవాలి, ఇండెక్స్ ఒకటి మనుషుల పేర్లతో, ఇండెక్స్ రెండు ఆస్తి ప్రకారం ఉంటాయి. పాత దస్తావేజు నకలు చేతికి వస్తే ధర ఎంత, విస్తీర్ణం ఎంత అని చూసి పక్కన పెట్టేయకండి, హద్దుల దగ్గర ఆగండి. "తూర్పు: మా దాయాది ఫలానా అప్పలస్వామి భూమి, దక్షిణం: మా పినతండ్రి ఫలానా భూమి, పడమర: పోరంబోకు వాగు" అని ఉంటుంది. ఆ నాలుగు లైన్లలో మీ ఇంట్లో అందరూ మర్చిపోయిన ఒక అన్నదమ్ముల శాఖ బయటపడొచ్చు. భాగాల దావా కోర్టుకెక్కి ఉంటే ఇంకా నయం, ఆ ప్లెయింటుకి (దావా పత్రానికి) వంశవృక్షం జతచేసి ఉంటుంది, పైగా అవతలి పార్టీ దాన్ని తప్పని కొట్టేయడానికి చూసి ఉంటాడు కాబట్టి పేర్లు బాగా నలిగి ఉంటాయి. మన తాతలు అన్నదమ్ములతో కొట్లాడుకోవడం వల్ల మనకి జరిగిన మేలు ఇదొక్కటే!

మీది జమీందారీ ప్రాంతం కాబట్టి ఇంకో సంగతి. ఇనాం అంటే పాలకులు సేవకో దానంగానో ఇచ్చిన భూమి. వాటి హక్కులు తేల్చడానికి 1858లో ఇనాం కమిషన్ మొదలయ్యాక ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు తయారయ్యాయి. ఇనాం మొదట ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఇప్పుడు అనుభవిస్తున్న వాడు ఆయనకి ఏమవుతాడు అన్నది అందులో రాయించారు, అంటే ఒక్క పేజీలో రెండు మూడు తరాలు దొరికే అవకాశం ఉంది. కాకపోతే 1802 శాశ్వత సెటిల్మెంటు తర్వాత జమీందార్లు సొంతంగా ఇచ్చిన దర్మిలా ఇనాములు ఇందులో ఉండవు, అవి ఎస్టేటు కాయితాల్లోనో, 1948 చట్టంతో ఎస్టేట్లు రద్దయ్యాక జరిగిన సెటిల్మెంటు రికార్డుల్లోనో వెతకాలి. ఇలా బాగా కష్టపడితే 1820, 1830 ప్రాంతాలకి చేరతారు. అక్కడి నుంచి 1757కి డెబ్బై ఏళ్ళ ఖాళీ, అంటే రెండు మూడు తరాలు, అసలు చిక్కంతా అక్కడే. ఆ ఖాళీని ఎవరైనా చులాగ్గా నింపేశారంటే నేనైతే ముందు అనుమానిస్తా. తాత పేరు మనవడికి పెట్టే అలవాటు ఒకటుంది కదా మనకి, ఇద్దరు అప్పలస్వాముల్ని ఒక్కడే అనుకుని కలిపేస్తే యాభై ఏళ్ళు ఎగిరిపోతాయి, లేకపోతే ఒక్కణ్ణే ఇద్దరు చేస్తే వంశం సాగిపోయి సరిగ్గా పాపారాయుడి దాకా అందుతుంది.

పిచ్చిగుంట్లవాళ్ళు, భట్రాజులు మీ ఊరు వచ్చేవాళ్ళా కనుక్కోండి. వాళ్ళు గోత్రం, ఇంటిపేరు, తరాలు అప్పజెప్తారు, అది రికార్డు చేసుకోవాల్సిందే, కానీ పోషించే ఇంటిని పొగడటం వాళ్ళ వృత్తిలో భాగమని గుర్తుపెట్టుకోండి. కాశీ, గయ పండాల (అక్కడి తీర్థ పురోహితుల) దగ్గర పుస్తకాల్లో మీ పూర్వీకులు ఎవరైనా సంతకం పెట్టి ఉంటే ఊరి పేరుతో సహా దొరుకుతుంది.

ఇక మీ నానమ్మగారి మాట. నేనైతే కొట్టిపారేయను. ఇంటిపేరు వేరు అంటున్నారు కాబట్టి ఆడపిల్ల వైపు నుంచి వచ్చిన బంధుత్వమా, ఇల్లరికమా, దత్తతా, లేకపోతే ఆయన దగ్గర కొలువు చేసిన ఇల్లా అని అడగండి. "మేం పాపారాయుడి మనుషులం" అన్నది మూడు నాలుగు నోళ్ళు మారేసరికి "పాపారాయుడి వంశం" అయిపోవడం పెద్ద వింతేం కాదు. కొలువు మాట నిజమైతే అదేం తక్కువా చెప్పండి. ఆయన ఒక్కడే యుద్ధం చేశాడా?

ప్రశ్న: ఇవన్నీ తిరిగే ఓపిక లేదు సార్, డీఎన్ఏ టెస్ట్ చేయించుకుంటే తేలిపోదా? అమెరికాలో మా అబ్బాయి కిట్ పంపిస్తానంటున్నాడు.

జవాబు: తేలదమ్మా. డీఎన్ఏ అంటే పోల్చి చూడటం, ఒక పక్క మీదుంటే రెండో పక్క ఎవరిది పెడతారు? ఆ వీరుడి మగ సంతతి అని కాయితాలతో రుజువైన మనిషి ఒకరుండాలి, ఆయన కూడా టెస్ట్ చేయించుకోవాలి, మీ ఇంట్లో కూడా నేరుగా కొడుకు నుంచి కొడుక్కి వచ్చిన మగవాడు ఇవ్వాలి, అప్పుడు వై క్రోమోజోమ్ కలిసిందా లేదా చూస్తారు. కలిసినా ఒకే మూలపురుషుడు అని తెలుస్తుంది గానీ ఆ మూలపురుషుడు పాపారాయుడా, ఆయన ముత్తాతా, ఆయన పినతండ్రా అన్నది చెప్పదు. మధ్యలో ఒక్క దత్తత ఉన్నా ఆ లైను తెగిపోయినట్టే, మన పెద్ద కుటుంబాల్లో దత్తతలు ఎన్నో మీకు తెలియంది కాదు.

మామూలు కిట్‌తో ఇంకో తంటా. తొమ్మిది తరాలు పైకెళ్తే లెక్క ప్రకారం 512 మంది పూర్వీకులు ఉండాలి, వాళ్ళలో చాలామంది నుంచి మీ ఒంట్లో ఒక్క ముక్క కూడా మిగిలి ఉండదు. దానికి తోడు మనవి మేనరికాలు. అత్త కొడుకుని, మేనమామని చేసుకుంటూ వచ్చిన ఇళ్ళలో ఆ 512లో ఒకే మనిషి నాలుగు చోట్ల కనిపిస్తాడు, దాంతో ఎక్కడో దూరపు చుట్టాన్ని కూడా దగ్గరి కజిన్ అని చూపించేస్తుంది ఆ వెబ్‌సైట్, విదేశీ కుటుంబాల లెక్కల్లో తయారైన అంచనాలు మరి. అబ్బాయి సరదా పడుతున్నాడంటే చేయించుకోండి, వీరుల కోసమైతే డబ్బు దండగ.

ప్రశ్న: మా ఇంటిపేరు అల్లూరి. సీతారామరాజు గారికి మేం వారసులమని ఫంక్షన్లలో చెప్పుకోవచ్చా?

జవాబు: వద్దండి. 1924 మే 7న కొయ్యూరు దగ్గర చనిపోయేనాటికి ఆయనకి నిండా ఇరవై ఏడేళ్ళు లేవు, పెళ్ళి కాలేదు, కాబట్టి నేరు వారసులు ఎవరికీ కుదరదు. కుదిరితే తోబుట్టువుల వైపు, లేదా వాళ్ళ నాన్నగారు వెంకటరామరాజు గారి అన్నదమ్ముల వైపు. ఇంటిపేరు ఒక్కటే చాలదు, అల్లూరి వేరే కులాల్లో కూడా ఉంది. క్షత్రియులైతే ముందు గోత్రం కలుస్తుందా చూడండి, కలిస్తే మోగల్లు వైపు వెతకండి, అది వాళ్ళ నాన్నగారి వైపు ఊరు. పాండ్రంగి ఆయన పుట్టిన ఊరే గానీ అమ్మమ్మగారి వైపు, అక్కడ వెతికితే అల్లూరి వారు దొరకరు. చాలామంది బోర్డు చూసి అక్కడికే వెళ్ళిపోతారు!

ప్రశ్న: మాది తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం. తాతయ్య బర్మా యుద్ధంలో జనరల్ స్లిమ్ దగ్గర పనిచేశారని ఇంట్లో అంటారు. తాతయ్య అన్నగారు అక్కడే చనిపోయారట. ఫొటో ఒకటి, మెడల్స్ రెండు ఉన్నాయి. ఎక్కడ మొదలెట్టాలి?

జవాబు: మీ పని మిగతావాళ్ళ కంటే చాలా సులువు, వస్తువులు చేతిలో ఉన్నాయి కదా. ముందు మెడల్స్ అంచు మీద, వెనక భూతద్దం పెట్టి చూడండి, సర్వీసు నంబరు, పేరు చెక్కి ఉండొచ్చు. పాలిష్ మాత్రం పెట్టకండి, అక్షరాలు అరిగిపోతాయి. నంబరు దొరికితే సగం పని అయినట్టే, ఆ నంబరుతో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా ఆ రెజిమెంటు రికార్డు ఆఫీసుకి రాయొచ్చు, మద్రాస్ సాపర్స్ (సైన్యంలో ఇంజనీర్ల దళం) అయితే బెంగళూరు. ట్రంకు పెట్టె అడుగున డిశ్చార్జి పుస్తకం ఉందేమో చూడండి, చాలా ఇళ్ళలో పింఛను కాయితాల మధ్య ఉంటుంది.

పెద్దతాతగారి సంగతి ఇంకా తేలిక. చనిపోయినవాళ్ళ పేర్లు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్లో ఉచితంగా వెతకొచ్చు. బర్మాలో పోయి సమాధి దొరకనివాళ్ళ పేర్లు తౌక్యాన్‌లో రంగూన్ మెమోరియల్ మీద ఉన్నాయి, దాదాపు 27 వేల పేర్లు. మనవాళ్ళ ఎంట్రీల్లో చాలాచోట్ల తండ్రి పేరు, ఊరు, తాలూకా కూడా రాసి ఉంటాయి, కానీ స్పెల్లింగు దొర చెవికి ఎలా వినిపిస్తే అలా. వెంకన్న అని కొడితే రాకపోతే ఉన్న అన్ని రకాలుగానూ కొట్టి చూడండి, ఇంటిపేరు అసలు లేకుండా కూడా ఉండొచ్చు, ఊరి దగ్గర కూడా తాడేపల్లిగూడెం అని ఒక్కటే పెట్టుకుని ఆగిపోకండి, ఆ రోజుల్లోనూ మీ జిల్లా పశ్చిమగోదావరే కాబట్టి ఆ పేరుతో కూడా వెతకండి.

స్లిమ్ దగ్గర పనిచేశారన్న మాటకి వస్తే, రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో పోరాడిన బ్రిటిష్ పద్నాలుగో ఆర్మీలో ఆయన కింద లక్షల మంది పనిచేశారు. ఆర్మీ కమాండర్ ఆయనే కాబట్టి ప్రతి సిపాయీ స్లిమ్ దగ్గర పనిచేసినట్టే. ఫొటోలో దొర ఎవరో చెప్పేయాలని తొందరపడకుండా తాతయ్య టోపీ మీద, భుజం మీద ఉన్న బ్యాడ్జీ పెద్దది చేసి స్కాన్ తీయించండి, ఏ యూనిట్టో దాంతోనే తెలిసే అవకాశం ఉంది. యూనిట్ తెలిస్తే ఆ నెలల్లో అది ఎక్కడుందో వార్ డైరీల్లో (యూనిట్లు రోజువారీ రాసుకున్న రికార్డుల్లో) దొరుకుతుంది. స్కాన్ మాకు కూడా పంపండి, ఫొటో వెనక ఏదైనా రాసి ఉంటే అది కూడా.