ధర వేసే టైంకి చేతులు వణుకుతున్నాయి.. ఇది జబ్బా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కొంటాను. సరుకు బాగానే అంచనా వేస్తాను కానీ, ధర వేసే టైం దగ్గరపడేసరికి గుండె దడ, చేతుల వణుకు. ఒక్కోసారి అనుకున్నదానికన్నా ఎక్కువ వేసేస్తున్నా. మా అన్న చిటికెలో తేల్చేస్తాడు. నాకేమైనా జబ్బా? మాత్రలున్నాయా?
– ఒక పాఠకుడు, కర్నూలు జిల్లా

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి స్వభావంలాగే కనిపిస్తోంది. అయినా ఒకసారి థైరాయిడ్ పనితీరు తెలిపే టీఎస్‌హెచ్, షుగర్ పరీక్షలు చేయించండి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా దడ, వణుకు వస్తాయి. కాకపోతే అవి ఇంట్లో కూర్చున్నా ఉంటాయి, తిన్నా బరువు తగ్గుతారు.

మనిషి స్వభావాన్ని సైకాలజీలో ఐదు ప్రధాన గుణాలుగా చూస్తారు. త్వరగా కలవరపడటం వాటిలో ఒకటి. అది కాస్త ఎక్కువున్నవాళ్లకు ఒత్తిడిలో అడ్రినలిన్ హార్మోన్ గట్టిగానే పనిచేస్తుంది. మంచీచెడూ తూచే మెదడు ముందు భాగం ఆ సమయంలో వెనకబడుతుంది. ‘ఎలాగోలా అయిపోతే చాలు’ అనిపించి ఏదో అంకె వేసేస్తారు. యెర్కీస్, డాడ్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1908లోనే ఎలుకల మీద చూశారు: పని తేలికైతే ఒత్తిడిని తట్టుకోవచ్చు, చిక్కుదైతే కొంచెం ఎక్కువైనా తప్పులు దొర్లుతాయి. తేమ, పింజ పొడవు, నిన్నటి ధర అన్నీ కలిపి లెక్కేయడం చిక్కు పనే కదా.

అన్నతో పోల్చుకోకండి. చిటికెలో తేల్చేవాళ్లు పోగొట్టుకున్న బేరాలు ఇంట్లో చెప్పరు! తడి సరుకును పట్టేసేది మీ కలవరమే కావచ్చు.

మీరు చేయాల్సింది, సరుకు చూడగానే, దడ మొదలవకముందే, ప్రతి లాటుకూ పై ధర చీటీ మీద రాసుకోవడం. పక్కనే ‘ఇది దాటితే వదిలేస్తా’ అని కూడా రాయండి. వేసేటప్పుడు చీటీలోని అంకె మాత్రమే చూడండి. అంతకుముందు నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి, ఐదారుసార్లు. పరగడుపున టీ మీద టీ తాగే అలవాటుంటే తగ్గించండి.

మాత్రల సంగతి. ప్రొప్రనొలాల్ అనే మాత్ర దడ, వణుకు తగ్గిస్తుంది గానీ ధర లెక్క వేసిపెట్టదు. ఆస్తమా ఉన్నవాళ్లకు ప్రమాదం కూడా. మెడికల్ షాపులో అడిగి కొనుక్కోవద్దు.

యార్డు బయట కూడా భయం పట్టుకుంటున్నా, నిద్ర పట్టకపోతున్నా కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్యుల్ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆ నెల చీటీలు పట్టుకెళ్లండి, ఎక్కడ గీత దాటారో డాక్టరుకు వెంటనే తెలుస్తుంది.