హెచ్-1బీ మీద ఉన్నాను, ఇంట్లో తూటాలు రీలోడ్ చేసుకోవచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, నేను డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాను. హెచ్-1బీ వర్క్ వీసా మీద ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. ఆఫీసులో నా పక్క సీటతను ప్రతి శనివారం షూటింగ్ రేంజ్‌కి వెళ్తాడు. నన్నూ నాలుగైదు సార్లు తీసుకెళ్లాడు, అతని పిస్తోలుతో కాల్చాను. తూటాలు కూడా అతను ఇంట్లోనే రీలోడ్ చేసుకుంటాడు, అంటే కాల్చేసిన గుల్లల్లో మళ్లీ మందు, బుల్లెట్ పెట్టి కొత్త తూటాలు చేసుకుంటాడు. అది చూశాక నాకూ నేర్చుకోవాలనిపించింది. అందుకు వాడే యంత్రం, తన పాత ప్రెస్ ఇస్తానంటున్నాడు. రేంజ్‌లో ఏరుకొచ్చిన ఖాళీ గుల్లలు మూడొందల దాకా మా గ్యారేజీలో ఒక డబ్బాలో ఉన్నాయి. నాకు సొంత తుపాకీ లేదు. దీనికి లైసెన్సు ఏమైనా కావాలా? ఖమ్మం దగ్గర పొలం చూసుకునే మా నాన్నగారికి లైసెన్సున్న డబుల్ బ్యారెల్ తుపాకీ ఉంది. డిసెంబర్‌లో వెళ్లేటప్పుడు ఆయనకో ప్రెస్ తీసుకెళ్లొచ్చా?

జవాబు: ముందు గ్యారేజీలో ఉన్న ఆ డబ్బా సంగతి చూద్దాం. మీరు ప్రెస్ గురించి అడిగారు. ఇక్కడ ప్రెస్‌తో మీకు ఇబ్బంది లేదు. ఇబ్బందంతా ఆ ఖాళీ గుల్లలతోనే.

సొంత వాడకానికి తూటాలు రీలోడ్ చేసుకునేవారికి అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం ఏ లైసెన్సూ అక్కర్లేదు. 1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్ లైసెన్సు అడిగేది అమ్మడానికి తయారుచేసే వాళ్లను. టెక్సస్ రాష్ట్రం కూడా అదనంగా ఏమీ అడగదు. మీరు సిటిజనో, గ్రీన్ కార్డు హోల్డరో అయితే నా జవాబు ఇక్కడితో అయిపోయేది.

మీరు హెచ్-1బీ. నాన్ ఇమిగ్రెంట్ వీసా, అంటే తాత్కాలిక వీసా మీద ఈ దేశంలోకి వచ్చినవారు తుపాకీ గానీ, అమ్యునిషన్ గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ క్రిమినల్ కోడ్ 18వ టైటిల్, 922వ సెక్షన్, జీ సబ్‌సెక్షన్ చెబుతోంది. ఎఫ్-1 విద్యార్థులు, హెచ్-4 మీదున్న భార్యాభర్తలు, కంపెనీ బదిలీ మీద వచ్చిన ఎల్-1 వాళ్లు, బీ-2 మీద చూడ్డానికొచ్చిన అమ్మానాన్నలు అందరూ ఇందులోకే వస్తారు. ఈఏడీ కార్డు వచ్చింది కదా అంటారు కొందరు. ఈఏడీ పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి. అది చేతిలో ఉన్నంత మాత్రాన మీరు గ్రీన్ కార్డు హోల్డర్ అయిపోరు.

మనవాళ్లు చాలామంది 'నా దగ్గర తుపాకీ లేదు కదా' అని ధైర్యంగా ఉంటారు. ఆ ధైర్యం ఎందుకు పనికిరాదో 921వ సెక్షన్‌లో అమ్యునిషన్‌కి ఇచ్చిన నిర్వచనం చదివితే తెలుస్తుంది. పూర్తి తూటా ఒక్కటే కాదు, గుల్ల, ప్రైమర్ (దెబ్బ తగలగానే మందును అంటించే చిన్న మూత), బుల్లెట్ (గొట్టంలోంచి దూసుకెళ్లే లోహపు ముక్క), మందు, వీటిలో ఏ ఒక్కటి విడిగా ఉన్నా అది అమ్యునిషనే. గుల్ల కాల్చిందా, కొత్తదా అని చట్టం విడదీయలేదు. డబ్బాలోంచి ఒక గుల్ల తీసి అడుగున చూడండి. మధ్యలో ప్రైమర్, దాని మీద పిన్ను కొట్టిన చిన్న గుంట, చుట్టూ కంపెనీ పేరు, సైజు అచ్చువేసి ఉంటాయి. ఈ నేరంలో ప్రభుత్వం నిరూపించాల్సిన వాటిలో ఒకటి, ఆ వస్తువు రాష్ట్రం దాటి వచ్చిందని. ఆ గుల్ల ఏ మిన్నెసోటాలోనో, మిస్సోరీలోనో తయారైందని ఆ అచ్చును పట్టుకునే చెప్పగలరు. ఉత్త గుల్లల కోసమే మీ మీద ఎవరైనా కేసు పెడతారా అంటే, పెట్టకపోవచ్చు. కానీ ఇంకేదో పని మీద పోలీసులు ఇంటికొచ్చిన రోజున ఆ డబ్బా అక్కడ ఉండకూడదు.

రేంజ్‌లో కొలీగ్ పిస్తోలుతో కాల్చడం కూడా అలాంటిదే. చేతిలోకి తీసుకుని కాల్చితే, ఆ కాసేపూ అది మీ దగ్గర ఉన్నట్టే లెక్క. 2019లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చిన రెహైఫ్ కేసు మొదలైంది రేంజ్‌లోనే. అతను యూఏఈ నుంచి స్టూడెంట్ వీసా మీద ఫ్లోరిడాకు వచ్చాడు. యూనివర్సిటీ తీసేయడంతో అతని స్టేటస్ (దేశంలో చట్టబద్ధంగా ఉండే హోదా) పోయింది. ఆ తర్వాత ఒక రేంజ్‌కి వెళ్లి కాల్చాడు. తన స్టేటస్ సంగతి అతనికి తెలుసని ప్రభుత్వం నిరూపించాలని కోర్టు అంది. 'చట్టం తెలియదన్నా వదిలేస్తారు' అని ఈ తీర్పును అర్థం చేసుకోకండి. మీరు హెచ్-1బీ అని మీకు బాగా తెలుసు. కాబట్టి ఈ తీర్పు మీకు పెద్దగా అక్కరకు రాదు.

శిక్ష పదేళ్ల దాకా ఉండేది, 2022 సవరణతో పదిహేనేళ్ల దాకా పెంచారు. మన వీసా వాళ్లకు జైలుకంటే భయపడాల్సింది ఇంకొకటుంది. ఈ సెక్షన్ కింద శిక్ష పడితే ఇమిగ్రేషన్ చట్టం దాన్ని 'అగ్రవేటెడ్ ఫెలొనీ'గా, అంటే తీవ్ర నేరంగా చూస్తుంది. దాని ఫలితం డిపోర్టేషన్. ఏళ్ల తరబడి క్యూలో నిలబడ్డ గ్రీన్ కార్డు, ఇక్కడ పుట్టిన పిల్లల చదువు, ఇంటి లోను, అన్నీ ఆ ఒక్క డబ్బా మీద పెట్టినట్టవుతుంది. మిమ్మల్ని టెన్షన్ పెట్టాలని కాదు, చట్టంలో ఉన్నదే చెబుతున్నాను.

దారి లేకపోలేదు, దాన్నీ చట్టమే ఇచ్చింది. అమెరికాలో చట్టబద్ధంగా జారీ అయిన హంటింగ్ లైసెన్సు దగ్గరుంటే నాన్ ఇమిగ్రెంట్ వీసా వారికి ఈ నిషేధం వర్తించదు. తుపాకీకీ, అమ్యునిషన్‌కీ రెంటికీ ఈ మినహాయింపు ఉంది. టెక్సస్‌లో ఆరు నెలలుగా ఉంటున్నవారు పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ లైసెన్సును రెసిడెంట్ ధరకే, 25 డాలర్లకు తీసుకోవచ్చు. వేటకు వెళ్లి తీరాలని ఈ మినహాయింపులో లేదు. నిజంగా వెళ్తే మాత్రం 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారికి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు ఉండాలి.

ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. ఆ లైసెన్సు మీరు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. జూలైలో కొన్నవారు 'ఇంకా ఏడాది ఉందిలే' అనుకుంటే సెప్టెంబర్ 1 పొద్దునకల్లా గ్యారేజీలో ఉన్నదంతా మళ్లీ నేరం కిందికి వస్తుంది. ఫోన్ క్యాలెండర్‌లో ఆగస్టు 15కి అలారం పెట్టుకోండి.

ఇప్పుడు వెంటనే చేయాల్సింది ఏమిటంటే, కొలీగ్‌నే వచ్చి ఆ డబ్బా తీసుకెళ్లమనండి. లైసెన్సు చేతికొచ్చేదాకా రేంజ్‌లో చూస్తూ కూర్చోండి, ముట్టుకోకండి. రేంజ్‌లో దిగిన పాత ఫోటోలు గబగబా చెరిపేసే పని పెట్టుకోకండి. విచారణ మొదలయ్యాక గానీ, విచారణ వస్తుందేమోనని దాన్ని అడ్డుకోవడానికి గానీ అలాంటి పని చేస్తే అది వేరే నేరం అవుతుంది. అధికారులెవరైనా ఫోన్ చేసి అడిగితే 'మా లాయర్‌తో మాట్లాడి చెబుతాను' అనండి, అబద్ధం మాత్రం చెప్పకండి.

లైసెన్సు వచ్చాక నిశ్చింతగా మొదలుపెట్టండి, మంచి హాబీయే. అయితే మీ ఆవిడ హెచ్-4 అయితే నిషేధం ఆవిడకూ ఉంది. మందు, ప్రైమర్లు తాళం వేసిన అల్మారాలో పెట్టి తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి, లేదా ఆవిడ పేరున కూడా ఒక లైసెన్సు తీసుకోండి. ఇళ్లలో నిల్వకు చాలా ఊళ్లు పాటించే ఫైర్ కోడ్ ప్రకారం పొగరాని మందు 20 పౌండ్ల దాకా, అదీ కంపెనీ డబ్బాలోనే ఉండాలి. ప్రైమర్లు పది వేల దాకా ఉండొచ్చు. అపార్ట్‌మెంట్‌లో ఉంటే లీజు కాగితం మళ్లీ ఒకసారి చదవండి.

తూటాలు ఎవరికీ అమ్మకండి. 'యాభై నాకూ చేసిపెట్టు, ఇరవై డాలర్లిస్తా' అని రేంజ్ స్నేహితులు అడుగుతారు. అమ్మకానికి చేస్తే టైప్ 06 ఫెడరల్ లైసెన్సు కావాలి. మూడేళ్లకు 30 డాలర్లే కదా అని తీసుకోబోతారేమో. హెచ్-1బీ మీద పక్క వ్యాపారం చేయడమంటే స్టేటస్ పోగొట్టుకోవడమే. ప్రాజెక్టు మారి ఇల్లినాయ్ లాంటి రాష్ట్రానికి వెళ్తే అమ్యునిషన్ దగ్గరుంచుకోవడానికే రాష్ట్ర ప్రభుత్వ కార్డు కావాలి, సామాను ఎక్కించకముందే అడిగి తెలుసుకోండి. వీసా స్టాంపింగ్‌కి హైదరాబాద్ వెళ్లేటప్పుడు నింపే వీసా దరఖాస్తు డీఎస్-160లో తుపాకులు, పేలుడు పదార్థాల్లో ప్రత్యేక నైపుణ్యం గానీ శిక్షణ గానీ ఉందా అన్న ప్రశ్న ఉంటుంది. ఈ హాబీ ఉన్నవారు అలవాటుగా 'నో' కొట్టేయకుండా, ఏం రాయాలో లాయర్‌ను అడిగి నిజమే రాయండి.

ఇక నాన్నగారి ప్రెస్. వద్దు. అమెరికాలో అమ్యునిషన్ కాని ఆ ప్రెస్సే మన దేశంలో అమ్యునిషన్. 1959 ఆయుధాల చట్టం రెండో సెక్షన్‌లోని నిర్వచనంలో 'అమ్యునిషన్ తయారుచేసే యంత్రాలు' కూడా ఉన్నాయి. లైసెన్సు లేకుండా దిగుమతి చేయకూడదు. లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం ఐదో సెక్షన్ ప్రకారం నేరం. 2019 సవరణ తర్వాత దానికి ఏడేళ్లకు తగ్గకుండా యావజ్జీవం దాకా శిక్ష పడుతుంది. నాన్నగారి లైసెన్సు తుపాకీ ఉంచుకోవడానికీ, డీలర్ దగ్గర తూటాలు కొనుక్కోవడానికీ ఇచ్చింది. తయారీకి అది పనికిరాదు. పైగా మందు సంగతి 1884 పేలుడు పదార్థాల చట్టం కిందికి వస్తుంది. పెద్దాయనను ఈ వయసులో కోర్టు మెట్లు ఎక్కించకండి. పందుల బెడద తట్టుకోలేక తూటాలు చాలడం లేదంటే, లైసెన్సులో రాసిన సంఖ్య పెంచమని లైసెన్సు ఇచ్చే అధికారి ఆఫీసులో దరఖాస్తు పెట్టమనండి.

డిసెంబర్‌లో బయల్దేరే ముందు ఒక పని చేయండి. రేంజ్‌కి తీసుకెళ్లిన బ్యాగు ఇండియాకి తీసుకెళ్లకండి. పక్కవాళ్లు కాలుస్తుంటే ఎగిరొచ్చే గుల్లలు హుడీ టోపీలో, ప్యాంటు మడతలో పడి ఉండిపోతాయి. ఒక్కోసారి కాల్చని తూటా కూడా బ్యాగు అడుగు కుట్టు దగ్గర ఇరుక్కుని ఉంటుంది. అలా శంషాబాద్‌లో బయటపడితే, తెలిసి దగ్గర పెట్టుకున్నట్టు రుజువైతేనే నేరమని మన సుప్రీంకోర్టు 1972లోనే గున్వంత్‌లాల్ కేసులో చెప్పింది. కానీ ఆ మాట కోర్టులో చెప్పుకునే అవకాశం ఎఫ్‌ఐఆర్ అయ్యాకే వస్తుంది. అప్పటికి తిరుగు ఫ్లైట్ వెళ్లిపోయి ఉంటుంది, డీఎస్-160లో 'ఎప్పుడైనా అరెస్టయ్యారా' అన్నచోట రాయాల్సిన జవాబు మారిపోయి ఉంటుంది. అందుకే రేంజ్‌కి వేసుకెళ్లిన బట్టలన్నీ బల్ల మీద దులిపి, జేబులు తిరగేసి చూశాకే సూట్‌కేసులో పెట్టండి.