ఊరికే వచ్చే పియానో

ప్రశ్న: న్యూజెర్సీకి ఈమధ్యే వచ్చాం. పాప పియానో నేర్చుకుంటోంది. పక్కింటావిడ తన పాత పియానో ఊరికే ఇస్తానంటున్నారు. ట్యూనింగ్ చేసేవాళ్లకి లైసెన్స్ లాంటిది ఉంటుందా? స్టూడెంట్ వీసా మీద ఉన్న మా మరిది ఈ పని నేర్చుకుంటానంటున్నాడు, కుదురుతుందా?

జవాబు: లైసెన్స్ లేదమ్మా. ఇక్కడ జుట్టు కత్తిరించడానికి లైసెన్స్ కావాలి గానీ పియానో విప్పడానికి అక్కర్లేదు. పిన్నులు తిప్పే ఒక ట్యూనింగ్ లీవరు, పక్క తీగ మోగకుండా ఆపే నాలుగు రబ్బరు మ్యూట్లు, ఫోన్లో ఒక యాప్ ఉంటే ఎవరైనా ఇంటికి వచ్చేయొచ్చు. అందుకే పేరు పక్కన ఆర్‌పీటీ, అంటే రిజిస్టర్డ్ పియానో టెక్నీషియన్ అని ఉందేమో చూడండి. 1957లో ఏర్పడిన పియానో టెక్నీషియన్స్ గిల్డ్ ఇచ్చే హోదా అది. రాత పరీక్ష కాక ట్యూనింగ్‌కీ, రిపేరుకీ విడిగా చేతిపని పరీక్షలుంటాయి. ట్యూనింగ్ పరీక్ష భలే గట్టిది. అనుభవజ్ఞులు కొందరు కలిసి ముందే ఒక పియానోని శ్రుతి చేసి, ఒక్కో స్వరం ఎక్కడుందో కొలిచి పెట్టుకుంటారు. తర్వాత దాన్ని కావాలనే చెడగొట్టి అభ్యర్థి చేతికిస్తారు. అతను మళ్లీ ఎంత దగ్గరికి తెచ్చాడన్న దాన్నిబట్టే మార్కులు.

గిల్డ్‌లో అసోసియేట్లు కూడా ఉంటారు. వాళ్లు ఈ పరీక్షలన్నీ పాసైనవాళ్లు కారు. కాబట్టి "గిల్డ్ మెంబర్‌ని" అనగానే సరేననకుండా, ఆర్‌పీటీనా అని అడగండి. ఆ హోదా లేకుండానే ఏళ్ల తరబడి చర్చిలకీ స్కూళ్లకీ పనిచేస్తున్న ఘనులూ ఉన్నారు. పాప టీచర్‌ని అడిగితే అలాంటివాళ్ల పేర్లు చెబుతారు.

ఇక ఆ పియానో. మూవర్స్‌ని మాట్లాడకముందే టెక్నీషియన్‌ని పక్కింటికి పిలిచి చూపించండి, ఫీజు పోయినా పర్లేదు. 88 మెట్లకి సుమారు 230 తీగలుంటాయి. అన్నీ కలిసి లాగే బలం 20 టన్నుల దాకా ఉంటుంది. ఆ తీగలు చుట్టిన ఇనుప పిన్నులు పిన్‌బ్లాక్ అనే చెక్కలో దిగి ఉంటాయి. ఆ చెక్క పగిలితే, పిన్నులు వదులైతే, చేయించిన శ్రుతి నిలవదు. బాగుచేయించే డబ్బుతో మంచి డిజిటల్ పియానో వస్తుంది, దానికి ట్యూనింగే అక్కర్లేదు. పై పాలిష్ చూసి మోసపోకండి.

బాగుందని తేలితే తెచ్చుకోండి. హీటర్ గాలి తగిలే చోట పెట్టొద్దు. రెండు మూడు వారాలు ఆగి ట్యూన్ చేయించండి. తీగల నాదాన్ని పెద్దది చేసే పలక, సౌండ్‌బోర్డు, స్ప్రూస్ అనే చెక్కతో చేసింది. చలికాలం హీటర్‌కి ఎండితే శ్రుతి దిగుతుంది, వేసవి తేమకి ఉబ్బితే పెరుగుతుంది. ఏడాదికి రెండుసార్లు చేయించమనేది అందుకే, వ్యాపారం కోసం కాదు. ఒక్కోసారికి 150 నుంచి 250 డాలర్లు అనుకోండి. చాలా ఏళ్లుగా ముట్టుకోని పియానో అయితే ముందు తీగలన్నీ పైకి లాగాలి. దానికి వేరే తీసుకుంటారు, తీగ తెగినా తెగొచ్చు. టెక్నీషియన్ పనిచేస్తున్నంతసేపూ మిక్సీ, కుక్కర్ కట్టేయండి. తీగల మధ్య సన్నటి కంపనం చెవికి అందాలి కదా.

ఇంట్లో కర్ణాటక సంగీతం వచ్చినవాళ్లుంటే, ఆయన వెళ్లాక అంతర గాంధారం అనే స్వరం హెచ్చుగా ఉందంటారు. నిజంగానే హెచ్చు! ఏ శ్రుతిలోనైనా వాయించడానికి వీలుగా పియానోలో పన్నెండు స్వరస్థానాలనీ సమాన దూరంలో పెడతారు. ఒక స్థానానికీ పక్కదానికీ మధ్య దూరాన్ని వంద భాగాలు చేస్తే, తంబురా ముందు పాడే గాంధారం కంటే ఇది దాదాపు 14 భాగాలు పైన ఉంటుంది. ఆయనతో వాదన పెట్టుకోకండి.

మీ మరిది విషయానికొస్తే, నేర్చుకోవడానికి అడ్డేమీ లేదు. బోస్టన్‌లో నార్త్ బెనెట్ స్ట్రీట్ స్కూల్లో దీనికే ఫుల్‌టైమ్ కోర్సుంది. కానీ స్టూడెంట్ వీసా మీద ఉండి వీకెండ్‌లో నాలుగిళ్లు తిరిగి డబ్బు తీసుకుంటే అది అనుమతి లేని ఉద్యోగమే, నగదు అయినా సరే. ముందు కాలేజీలోని ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసులో అడగమనండి.