పరిశోధన ‘ప్రభావం చూపడం’, రక్తకణాల ‘అభివృద్ధి’

సందేహం: మా బడి విజ్ఞాన ప్రదర్శన కోసం మాక్స్ కూపర్ అనే శాస్త్రవేత్త గురించి ఒక అట్ట రాశాను. అందులో ‘కూపర్ పరిశోధనలు రోగనిరోధక శక్తిపైనా, రక్తకణాల అభివృద్ధిపైనా తీవ్ర ప్రభావం చూపాయి’ అన్న వాక్యం ఉంది. మా తెలుగు మాస్టారు దాన్ని చదివి, ఇది తెలుగులా లేదు, మార్చమన్నారు. లోపం ఎక్కడుందో తెలుపగలరు.
— జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు, కావలి

సమాధానం: వ్యాకరణం ప్రకారం మీ వాక్యంలో తప్పు లేదు, చిక్కంతా అర్థంలోనే వచ్చింది. అల్పపీడన ప్రభావంతో కోస్తాలో వానలు పడుతున్నాయనీ, పొగాకు ఊపిరితిత్తులపై తీవ్ర ప్రభావం చూపుతుందనీ రోజూ వినే చెవికి, ‘రోగనిరోధక శక్తిపై తీవ్ర ప్రభావం’ అనగానే ఆ శక్తికి ఏదో హాని జరిగిందనే తోస్తుంది. ‘ప్రభావం’ అంటే సంస్కృతంలో ఒకరిలో ఉన్న మహిమ, సామర్థ్యం. ‘తపఃప్రభావం’ అన్న మాటలో ఆ అర్థం నేటికీ నిలిచి ఉంది. ఒకదానిపై పడే ఫలితం అనే అర్థం కూడా ఇప్పుడు స్థిరపడింది కాబట్టి దాన్ని నేను తప్పుపట్టను. అయితే, ‘తీవ్ర’ అన్న విశేషణాన్ని, ‘పై’ అన్న ప్రత్యయాన్ని చేర్చినప్పుడు ఆ మాట కీడువైపే మొగ్గుతుంది. పైగా రోగనిరోధక శక్తి శరీరంలో ఉండేది, కూపర్ పరిశోధన మార్చింది దాన్ని గురించిన శాస్త్రాన్ని. కనీసం ‘రోగనిరోధక శాస్త్రాన్ని మలుపు తిప్పాయి’ అని ఉంటే ఈ పొరపాటుకు తావుండేది కాదు.

ఇంతకన్నా పెద్ద లోపం మరొకటుంది. ఎవరి పేరు పెట్టినా సరిపోయే వాక్యమది. కూపర్ ఏం చేశారో చెబితే ‘ప్రభావం’ అన్న మాట అవసరమే రాదు. కోడిలో మలద్వారానికి పైన బర్సా అనే చిన్న సంచి ఉంటుంది. దాన్ని వర్ణించిన ఇటలీ శరీర శాస్త్రవేత్త ఫాబ్రీషియస్ పేరే దానికి స్థిరపడింది. మన జిల్లాల్లో కోళ్ల ఫారాలు నడిపేవారు భయపడే గంబోరో జబ్బు దెబ్బతీసేది ఈ సంచినే. అందుకే ఆ జబ్బు సోకిన కోడిపిల్లలకు తర్వాత వేసిన టీకాలు కూడా సరిగా పట్టవు. బర్సాను తీసేసిన కోళ్లలో ప్రతిరక్షకాలు, అంటే రోగక్రిములను పట్టి అడ్డుకునే ప్రొటీన్లు, సరిగా తయారుకావని బ్రూస్ గ్లిక్ అనే పరిశోధకుడు 1956లోనే గమనించారు. కూపర్ మినసోటా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ గుడ్‌తో కలిసి పనిచేస్తూ, అప్పుడే గుడ్డు నుంచి బయటికొచ్చిన కోడిపిల్లల్లో కొన్నింటికి బర్సానూ, కొన్నింటికి మెడలో ఉండే థైమస్ గ్రంథినీ తీసివేసి, మిగిలిపోయిన కణాలు కూడా నశించేలా వాటిపై ఎక్స్ కిరణాలు ప్రసరింపజేశారు. బర్సా లేని పిల్లల్లో ప్రతిరక్షకాలు పుట్టలేదు. థైమస్ లేనివాటిలో పరాయి కణజాలాన్ని తిప్పికొట్టే గుణం కుంటుపడింది. 1965లో ప్రచురితమైన ఈ ఫలితం, రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలైన లింఫోసైట్లు రెండు వేర్వేరు వంశాలని తేల్చింది. పుట్టుకతో వచ్చే రోగనిరోధక లోపాలనూ, కొన్ని రక్త క్యాన్సర్లనూ వైద్యులు నేడు వర్గీకరించే తీరుకు ఈ విభజనే ఆధారం. థైమస్ పని ఏమిటో 1961లో ఎలుకలపై చేసిన ప్రయోగాలతో చూపిన జాక్ మిల్లర్‌కూ, కూపర్‌కూ కలిపి 2019లో వైద్య పరిశోధనకు ఇచ్చే లాస్కర్ పురస్కారం ఇచ్చారు.

ఇక ‘రక్తకణాల అభివృద్ధి’. ఊరు, సంఘం, దేశం అభివృద్ధి చెందుతాయి. రక్తం దగ్గర ఈ మాట వాడితే రక్తం పట్టడానికి తాగే టానిక్కు గుర్తుకు వచ్చి, కణాల సంఖ్య పెరగడమనే పాఠకుడు అనుకుంటాడు. మీ ఉద్దేశం అది కాదు. ఎముక మూలుగలో మూలకణం నుంచి పుట్టిన కణం మెట్టుమెట్టుగా రూపం మారుతూ ఒక నిర్ణీతమైన పనికి సిద్ధమయ్యే క్రమాన్ని మీరు చెప్పదలచుకున్నారు. పెన్నా ఆయకట్టులో ఏ రైతూ వరి అభివృద్ధి చెందిందనడు. పైరు పిలకలు వేసింది, పొట్టకొచ్చింది, ఈనింది, పాలుపోసుకుంది అంటూ ఒక్కో దశకు ఒక్కో క్రియ వాడతాడు. కణానికీ అదే విధంగా పుట్టడం, విభజన చెందడం, పరిణతి పొందడం అని దశను బట్టి క్రియను ఎంచుకోండి. ‘ముదరడం’ అచ్చమైన తెలుగు మాటే అయినా, రోగం ముదిరిందన్న వాడుక బలంగా ఉన్నందువల్ల ఇక్కడ దాన్ని నేను సూచించను. మొత్తం ప్రక్రియకు ఒకే పేరు కావాలంటే ‘రక్తకణాల ఉత్పత్తి, పరిణతి’ అనవచ్చు.

అట్టమీద ఇలా రాయండి: ‘రోగాలను ఎదుర్కొనే లింఫోసైట్లు రెండు వంశాలని, వాటిలో ఒకటి థైమస్‌లోనూ మరొకటి బర్సాలోనూ పరిణతి పొందుతాయని మాక్స్ కూపర్ కోడిపిల్లలపై చేసిన ప్రయోగాలతో 1965లో నిరూపించారు.’ దీని కిందనే, మనిషికి బర్సా లేదనీ, మనలో ఆ రెండో వంశం ఎముక మూలుగలోనే తయారవుతుందనీ ఒక వాక్యం చేర్చడం అవసరం. ఈ రెండో వంశాన్నే బి-కణాలంటారు. ఆ ‘బి’ బోన్ మారోకు, అంటే ఎముక మూలుగకు, సంకేతమని పిల్లలు చాలామంది బట్టీపట్టి ఉంటారు. అది బర్సా నుంచి వచ్చిన అక్షరమని కూడా అక్కడే రాయండి.